డీవీడీలో చాప్టర్లు ఒకచోట పెడితే ఇంకోచోట తేలుతున్నాయా?

మీరు అడిగింది ఇదీ: హ్యాండీక్యామ్‌తో తీసిన పాత ఇంటి వీడియోలన్నీ ఒకచోట చేర్చి డీవీడీ రాశారు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో క్లిప్పులు వరసగా పేర్చే టైమ్‌లైన్ మీద, చాప్టర్ మొదలవ్వాల్సిన చోటల్లా మార్కర్లు, అంటే గుర్తులు, శ్రద్ధగానే పెట్టారు. తీరా రిమోట్‌లో నెక్స్ట్ నొక్కితే మీరు అనుకున్న చోటికి కాకుండా ఇంకెక్కడికో పోతోంది. సాఫ్ట్‌వేర్ మార్చాలా అని మీ సందేహం.

మార్చొద్దు. చాప్టర్లు తప్పిన డిస్కుల్లో సాఫ్ట్‌వేర్ పాపం పదింట ఒకటి కూడా ఉండదని నేను గట్టిగా చెప్పగలను. డిస్క్‌ని కంప్యూటర్‌లో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌తో తెరిచి, ఒక్కో చాప్టర్ ఎక్కడ మొదలవ్వాలి, నిజానికి ఎక్కడ మొదలవుతోంది అన్నది కాగితం మీద రాసుకోండి. తేడా అన్నిచోట్లా ఒక్కటేనా, పోనుపోనూ పెరుగుతోందా, అర సెకను లోపలేనా అన్నది చూస్తే రోగమేమిటో సగం తెలిసిపోతుంది. నాడి పట్టుకోకుండానే మందు రాసే డాక్టర్ దగ్గరికి ఎవరూ వెళ్లరు కదా, ఇక్కడ మాత్రం అందరూ ముందు కొత్త సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేస్తారు.

ఇది నాకు మా అక్క పెళ్లి వీడియో నేర్పిన పాఠం. ఆ పెళ్లి వీహెచ్‌ఎస్ క్యాసెట్‌లో ఉండేది. టేపుకి బూజు పట్టకముందే డీవీడీ చేయిద్దామని మా ఊళ్లోని ఒక స్టూడియోకి ఇచ్చాం. పని బాగానే చేసినట్టు కనిపించింది. అట్ట మీద అక్కాబావల ఫొటో, చుట్టూ గులాబీలు. డిస్క్ పెట్టగానే మెనూ, అందులో పెళ్లికూతుర్ని చేయడం, గౌరీపూజ, జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, అక్షింతలు, అప్పగింతలు అని వరసగా బటన్లు.

సంక్రాంతికి అందరూ ఇంట్లో ఉన్నప్పుడు పెట్టాం. అమ్మ ముందే చెప్పేసింది, "ఆ పెళ్లి తంతంతా నాకెందుకురా, అక్షింతలు పెట్టు, నాన్నని చూడాలి" అని. తాతయ్య పోయి చాలా ఏళ్లయింది. ఆయన కదులుతూ కనిపించేది ఆ క్యాసెట్‌లో ఒక్కచోటే. అక్షింతలు వేసి, అక్క తల మీద చెయ్యి పెట్టి ఏదో అంటాడు. ఇంతలో కెమెరావాడి లైటు కళ్లలో కొడుతుంది, విసుక్కుంటూ పక్కకి తప్పుకుంటాడు. అంతే. నేను అక్షింతల బటన్ నొక్కాను. తెర మీద అరిటాకు, దాని మీద గుత్తివంకాయ కూర, వెనకాల ఎవరో పెద్దమనిషి పప్పులో నెయ్యి కలుపుకుంటున్నాడు.

"అక్షింతలు వెయ్యమంటే అన్నాలు పెడుతున్నాడేంట్రా వీడు" అన్నాడు మావయ్య. మళ్లీ నొక్కాను, మళ్లీ అదే వంకాయ. కాస్త ఓపిక పడితే తాతయ్య వచ్చేవాడే. కానీ మా బావకి ఓపికెక్కడిది, రిమోట్ లాక్కుని ఫాస్ట్ ఫార్వర్డ్ కొట్టాడు. తాతయ్య గబగబా వచ్చి, గబగబా దీవించి, గబగబా వెళ్లిపోయాడు. వెనక్కి తిప్పితే మళ్లీ భోజనాల హాలే. "పోనీలేరా, ఆ కూరేదో బాగానే కుదిరినట్టుంది, దాన్నే చూద్దాం" అంది అమ్మ. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

మర్నాడు స్టూడియోకి వెళ్లి అడిగితే వచ్చిన జవాబు: "మీ ప్లేయర్ పాతది సార్, కొత్తది కొనుక్కోండి." ఈ మాట ఎవరు చెప్పినా నమ్మకండి. ప్లేయర్ తన ఇష్టమొచ్చినట్టు చాప్టర్లు పెట్టదు. డిస్క్‌లో వీడియో_టీఎస్ అని ఒక ఫోల్డర్ ఉంటుంది. బొమ్మ, మాట ఉండేది పెద్ద పెద్ద వీఓబీ ఫైళ్లలో, ఒక్కోటి 1 జీబీ మించకుండా. ఏ చాప్టర్ ఎక్కడ మొదలవుతుందన్న పట్టిక మాత్రం పక్కనే ఉండే చిన్న ఐఎఫ్‌ఓ ఫైల్లో ఉంటుంది. ప్లేయర్ ఆ పట్టిక చదివి అక్కడికి దూకుతుంది, అంతే. పట్టికలో తప్పుంటే లక్ష రూపాయల ప్లేయర్ కూడా వంకాయే చూపిస్తుంది.

ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌లో చూశాను. ప్రతి చాప్టరూ ముందుగానే మొదలవుతోంది, అన్నిచోట్లా తేడా ఒక్కటే, ఇరవై రెండు సెకన్లు. కారణం డిస్క్ మొదట్లోనే కూర్చుని ఉంది. గిర్రున తిరిగే భూగోళం, అందులోంచి పుట్టుకొచ్చే కెమెరా, స్టూడియో పేరు, కింద రెండు సెల్ నంబర్లు, వెనక వీణ. సరిగ్గా ఇరవై రెండు సెకన్లు! ముందు పెళ్లి ఎడిట్ చేసి మార్కర్లు పెట్టుకున్నారు. ఆఖర్న వాళ్ల ప్రకటన తెచ్చి మొదట్లో దూర్చారు. క్లిప్పులన్నీ వెనక్కి జరిగాయి, మార్కర్లు ఉన్నచోటే ఉండిపోయాయి. మార్కర్ అంటుకుని ఉండేది బొమ్మకి కాదు, టైముకి. ప్రీమియర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఇప్పటి వెర్షన్లలో క్లిప్పులతోపాటు టైమ్‌లైన్ మీది మార్కర్లు కూడా జరిగేలా ఒక సెట్టింగ్ ఉంది, అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. కాబట్టి మీ తేడా అన్నిచోట్లా ఒకేలా ఉంటే, మార్కర్లు పెట్టాక మొదట్లో టైటిల్ గానీ, దేవుడి బొమ్మ గానీ చేర్చారేమో చూసుకోండి. ఎడిటింగ్ అంతా ముగిశాకే మార్కర్లు పెడితే ఈ గొడవే రాదు.

అసలు మన పెళ్లికి వాళ్ల ప్రకటన ఎందుకు? డబ్బులిచ్చింది మనం. పైగా అప్పగింతల్లో అక్క ఏడుస్తుంటే నాన్న ఏదో అన్నాడు, అది వినపడకుండా సినిమా పాట వేసేశారు. ఆ పాట ఎక్కడైనా దొరుకుతుంది, నాన్న మాట ఎక్కడ దొరుకుతుంది? దయచేసి మీరు మాత్రం ఒరిజినల్ శబ్దాన్ని చెరపకండి. ఇది మీరు అడగలేదని తెలుసు, అయినా చెప్పాలనిపించింది.

తేడా అర సెకను లోపే ఉంటే, అంటే పాత సీన్ తోక ఒక్క క్షణం మెరిసి కొత్త సీన్ వస్తుంటే, కారణం వేరు. డీవీడీలో వీడియోని కుదించడానికి వాడే ఎంపెగ్-2 పద్ధతి ప్రతి ఫ్రేమునీ పూర్తి బొమ్మగా దాచదు. ఒక పూర్తి ఫ్రేము, దాని వెనక దాంతో పోల్చి మార్పులు మాత్రమే రాసుకున్న కొన్ని ఫ్రేములు, ఇలా గుంపులు గుంపులుగా ఉంటుంది. చాప్టర్ ఎప్పుడూ ఒక గుంపు మొదట్లోనే పడాలి, మధ్యలో పడదు. మన దేశపు టీవీ పద్ధతి పాల్‌లో సెకనుకి 25 ఫ్రేములు, గుంపులో మామూలుగా 12 నుంచి 15. అంటే దగ్గర దగ్గర అర సెకను అటూ ఇటూ కావడం సహజం. దీనికి మందు తేలిక. ఎన్‌కోడ్ చేసే ముందే, అంటే వీడియోని ఎంపెగ్-2లోకి మార్చే ముందే, మార్కర్లు పెడితే, మంచి సాఫ్ట్‌వేర్ సరిగ్గా అక్కడే కొత్త గుంపు మొదలుపెడుతుంది. ఎన్‌కోడ్ అయిపోయిన ఫైల్‌కి తర్వాత చాప్టర్లు తగిలిస్తే మాత్రం ఉన్న గుంపులతో సర్దుకోవాల్సిందే. అలాంటప్పుడు నేను మార్కర్‌ని కట్ మీద కాకుండా ఒక్క పిసరు తర్వాత పెడతాను. సీన్‌కీ సీన్‌కీ మధ్య ఒక సెకను నలుపు ఉంటే ఇంకా మంచిది, ఎటు జరిగినా ఎవరికీ తెలియదు.

తేడా పోనుపోనూ పెరుగుతుంటే, ఆ వీడియో అమెరికాలో కొన్న క్యామ్‌కార్డర్‌తో తీసిందేమో కనుక్కోండి. మన ఇళ్లలో ఇది మామూలే, అన్నయ్యో బాబాయో వస్తూ వస్తూ తెచ్చిన కెమెరా ఒకటి ఉంటుంది. అక్కడి టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, సెకనుకి 29.97 ఫ్రేములు. చాప్టర్ టైములు లెక్కగట్టేటప్పుడు ఒక ప్రోగ్రామ్ దాన్ని 30 అనుకుని, ఇంకో ప్రోగ్రామ్ 29.97 అనుకుంటే గంటకి 3.6 సెకన్లు తేడా వస్తుంది. మొదటి చాప్టర్ బాగానే ఉండి రెండు గంటల చివర ఏడు సెకన్లు తప్పిందంటే ఇదే. ప్రాజెక్ట్ సెట్టింగ్‌నీ వీడియో ఫ్రేమ్ రేటునీ ఒకటి చేయండి. టైములు చేత్తో టైప్ చేసే అలవాటుంటే మానేయండి.

అసలు చాప్టర్లే లేకపోతే, మార్కర్ రకం చూసుకోండి. క్లిప్ మీద పెట్టిన మార్కర్ వేరు, టైమ్‌లైన్ మీద పెట్టింది వేరు. డిస్క్‌లోకి వెళ్లేది రెండోదే. పాత ప్రీమియర్, దానికి జతగా డీవీడీలు తయారుచేసే ఎన్‌కోర్, ఈ జంటలో మామూలు మార్కర్ పెడితే చాలదు, ఎన్‌కోర్ చాప్టర్ మార్కర్ అని విడిగా పెట్టాలి. అలాగే పది క్లిప్పుల్ని పది ఫైళ్లుగా ఇస్తే కొన్ని ప్రోగ్రాములు వాటిని పది చాప్టర్లుగా కాక పది టైటిళ్లుగా, అంటే పది విడివిడి వీడియోలుగా, రాస్తాయి. అప్పుడు టైటిల్ దాటి పోవడానికి నెక్స్ట్ బటన్ పనిచేయకపోవచ్చు. అన్నిటినీ కలిపి ఒకే ఫైల్ చేసి ఇవ్వండి. ఇక సరిగ్గా అయిదు నిమిషాలకొకటి చొప్పున ఉన్నాయంటే, అవి మీరు పెట్టినవి కావు. సాఫ్ట్‌వేర్ ఆటోమేటిక్‌గా పెట్టుకుంది, ఆ టిక్కు తీసేయండి. తాంబూలం మధ్యలో మొదలై మంత్రం మధ్యలో ముగిసే చాప్టర్ ఎవరికి కావాలి?

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్నది. చాప్టర్లు సరిగ్గా పడటం ఒక ఎత్తు, వాటిని ఎక్కడ పెట్టాలన్నది ఇంకో ఎత్తు. అందరూ తంతుల వారీగా పెడతారు. అవి ఎవరూ చూడరు. ఏ ఇంట్లోనైనా చూడండి, పాత వీడియో పెట్టగానే జనం వెతికేది మాంగల్యధారణ కోసం కాదు, మనుషుల కోసం. ఇప్పుడు లేనివాళ్లు, అప్పుడు చంకలో ఉన్న పిల్లలు, అప్పట్లో మాటల్లేని రెండు కుటుంబాలు పక్కపక్కన నిలబడ్డ ఒక్క షాట్. చాప్టర్లు అక్కడ పెట్టాలి. ఒక టైటిల్‌లో 99 చాప్టర్ల దాకా పెట్టుకోవచ్చు, ఏడింటికే ఎందుకు పిసినారితనం?

అక్క పెళ్లిని నేను అలాగే తిరగరాశాను. వీఓబీలను హార్డ్ డిస్క్‌లోకి తెచ్చుకుని, మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా, డీవీడీలు తయారుచేసే డీవీడీస్టైలర్ అనే ప్రోగ్రామ్‌లో వేశాను. అది ఉచితం. మళ్లీ ఎన్‌కోడ్ చేస్తే అసలే వీహెచ్‌ఎస్ నాణ్యత, ఇంకాస్త బురదైపోతుంది. ముందుగా అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని క్యాసెట్ అంతా చూపించాను. "ఆగు, ఆగు, ఆవిడ మా పెద్దత్త" అన్నచోటల్లా టైము రాసుకున్నాను. ఆ జాబితా నా ఊహకి అందేది కాదు. నేనైతే అక్క మొహం ఉన్నచోట్లు పెట్టేవాణ్ణి. అమ్మ వంటశాల గుమ్మంలో నిలబడ్డ ఒక పనమ్మాయి దగ్గర ఆపమంది. మా పిల్లలందర్నీ ఎత్తుకుని పెంచింది ఆవిడేనట.

చాప్టర్‌కి పేరు పెట్టినా మామూలు ప్లేయర్లు దాన్ని చూపించవు, అవి చూపేది నంబరే. అందుకని పెద్ద అక్షరాలతో ఒక కాగితం రాసి అట్టపెట్టెలో పెట్టాను: ఏ నంబరుకి తాతయ్య, ఏ నంబరుకి పెద్దత్త, అలా. మెనూ తీసేశాను. కళ్లజోడు లేకుండా మెనూలో బాణాలు కదపడం పెద్దవాళ్లకి కష్టం, రిమోట్‌లో అంకె నొక్కడం సులువు.

మీరు కూడా రాసే ముందు వీడియో_టీఎస్ ఫోల్డర్‌ని వీఎల్‌సీలో తెరిచి ప్రతి చాప్టరూ నొక్కి చూడండి. తర్వాత చెరిపి మళ్లీ రాసుకోగల డీవీడీ-ఆర్‌డబ్ల్యూ డిస్క్ ఒకదాని మీద రాసి టీవీ దగ్గర చూడండి. అన్నీ బాగున్నాయంటేనే అసలు డిస్క్ మీద, తక్కువ వేగంలో రాసి, ఫైనలైజ్ చేయండి, అంటే వేరే ప్లేయర్లలో కూడా ఆడేలా డిస్క్‌ని ముగించండి.

చివరిగా, మీ తమ్ముడో బావమరిదో డిస్క్‌లోంచి వీఓబీలు మాత్రం పెన్‌డ్రైవ్‌లోకి లాగేసి "చాప్టర్లు రావట్లేదు" అంటాడు, చూస్తూ ఉండండి. ఎందుకొస్తాయి, పట్టిక ఉన్న ఐఎఫ్‌ఓ డిస్క్‌లోనే ఉండిపోయింది కదా. మేక్‌ఎంకేవీ అనే ప్రోగ్రామ్‌తో డిస్క్‌ని ఒకే ఎంకేవీ వీడియో ఫైల్‌గా మార్చి ఇవ్వండి, చాప్టర్లు అందులోనే వస్తాయి. అయినా ఆయన టీవీకి అవి కనపడకపోతే అప్పుడు తిట్టాల్సింది టీవీని, దానికి నేనూ తోడొస్తాను.