లదాఖ్‌లోని రుంబక్ లోయలో ఒక్క రోజు గడిపితే ఏం కనబడుతుంది? మంచు చిరుత కనబడకపోతే వెళ్లడం దండగేనా?

దండగ కాదండీ. నేను ఫిబ్రవరిలో వెళ్లాను. మంచు చిరుత కనబడలేదు. అయినా మళ్లీ వెళ్లాలని ఇప్పటికీ మనసు లాగుతూనే ఉంది.

ముందు ఒక జాగ్రత్త. లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉంది, రుంబక్ అంతకంటే పైన. విమానం దిగిన మర్నాడే లోయలోకి వెళ్లకండి. నేను రెండు రోజులు పూర్తిగా విశ్రాంతి తీసుకున్నాను. అయినా మూడో రోజు పది అడుగులు పైకి వేస్తే చాలు, ఆయాసం వచ్చేసేది. కాబట్టి మీ ‘ఒక్క రోజు’కి ముందు ఈ రెండు రోజులు కలుపుకోండి.

తెల్లవారకముందే లేహ్‌లో బయల్దేరి జింగ్‌చెన్ దాకా బండిలో వెళ్లాం. అక్కడి నుంచి నడక. ఆ గండి మొదట్లో బాగా ఇరుకు. రెండు పక్కలా నిట్టనిలువు రాతిగోడలు, నడుమ సగం గడ్డకట్టిన వాగు. నేను చేరిన క్షణం నుంచి బైనాక్యులర్ పైకెత్తి కొండ అంచుల మీద చిరుత కోసం వెతకడం మొదలుపెట్టాను. గంట గడిచింది. మెడ పట్టేసింది, ఏమీ దొరకలేదు. మా గైడ్‌ది రుంబకే. ఆయన నెమ్మదిగా హిందీలో, ‘సార్, ముందు ఎండ ఎక్కడ పడుతుందో చూడండి’ అన్నాడు. ఆ రోజంతా నాకు పనికొచ్చిన మాట అదే.

అంత ఇరుకు లోయలో చలికాలపు ఎండ ఒక్కసారిగా పరుచుకోదు. పొద్దున ఒక గోడ పైఅంచున చిన్న ముక్కగా మొదలై మెల్లగా కిందికి దిగుతుంది. పిట్టలు దాని వెంటే దిగుతాయి. వాగు ఒడ్డున సీబక్‌థార్న్ ముళ్లపొదల మీద ఎండ పడగానే, అప్పటిదాకా ఖాళీగా కనిపించిన చోట రెడ్‌స్టార్ట్‌లు వాలాయి. మగవాటి పొట్ట ఎర్రటి ఇటుక రంగు, తలమీద తెల్లటి టోపీ. కొమ్మలకు మిగిలిన నారింజ రంగు పళ్ల కోసం వచ్చాయవి. పైన ఎక్కడో చుకార్ కౌజులు కొక్కొరించాయి. వాగులో మంచు పగిలిన చోట ఒక డిప్పర్ బుడుంగున మునిగి, కొంతసేపటికి ఇంకో రంధ్రంలోంచి తేలింది. నీటి అడుగున రాళ్ల మీద తిరిగి పురుగులు ఏరుకుని తినే పిట్ట అది. ఆ చలికి నా వేళ్లు గ్లోవ్స్‌లోనే కొయ్యబారిపోయాయి. దానికేమో ఆ నీళ్లే భోజనశాల.

తరవాత వాల్‌క్రీపర్. నేను పదేళ్లుగా చూడాలనుకుంటున్న పిట్ట.

ఎండపడ్డ గోడ మీద బూడిద రంగు రాయి ఒకటి కదిలినట్టనిపించింది. బైనాక్యులర్ పెట్టేలోగా మాయం. నిలబడ్డ చోటే నిలబడ్డాను. అది మళ్లీ కదిలి, రెక్కలు ఒక్కసారి విదిలించింది. కుంకుమ రంగు భగ్గుమంది! రెక్క మూస్తే మళ్లీ రాయే. పదహారు సెంటీమీటర్ల ఆ చిన్న ప్రాణి పొడవాటి వంకర ముక్కుతో పగుళ్లలోంచి సాలీళ్లను లాక్కుంటూ నిలువుగోడ మీద పాకుతోంది. రెండు మూడు గెంతులకోసారి రెక్కలు విదిలిస్తుంది కాబట్టే దొరికింది, లేకపోతే కళ్లముందున్నా తెలియదు. నలభై నిమిషాలు చూశాను. ఫొటో ఒక్కటి కూడా సరిగా రాలేదు, చలికి బ్యాటరీ నీరసించిపోయింది. మీరు వెళ్తే బ్యాటరీలు లోపలి జేబులో ఒంటికి తగిలేలా పెట్టుకోండి. బైనాక్యులర్ అద్దాల మీదికి ఊపిరి వదలకండి, అక్కడికక్కడే మంచు కట్టేస్తుంది.

పెద్ద పక్షుల కోసం తెల్లవారుజామున మెడ నొప్పి పెట్టుకోవద్దు. రాళ్లు వేడెక్కి గాలి పైకి లేచాకే హిమాలయ రాబందులు బయటికొస్తాయి. మాకు పదకొండు దాటాక కనిపించాయి. వాటి వెనకే లామర్‌గయ్యర్ అనే గడ్డం రాబందు గోడకు సమాంతరంగా, రెక్క కూడా ఆడించకుండా, మా తలల కంటే కిందుగా సాగిపోయింది. రెక్కలు చాస్తే రెండున్నర మీటర్లుంటుంది. దాని ఆహారంలో ఎక్కువ భాగం ఎముకలే. మింగలేనంత పెద్దవైతే పైకి తీసుకెళ్లి రాళ్ల మీద వదిలి పగలగొడుతుంది. మేం చూస్తుండగా ఒకటి అలా రెండుసార్లు వదిలింది. రెండోసారి పడ్డ చప్పుడు లోయంతా వినబడింది. దాని ఛాతీ మీది నారింజ రంగు పుట్టుకతో వచ్చింది కాదు, ఇనుము ఉన్న మట్టిలో పొర్లి పూసుకున్నది.

ఇక చిరుత సంగతి. 2024 జనవరిలో విడుదలైన జాతీయ లెక్కల్లో దేశం మొత్తం మీద 718 మంచు చిరుతలు, లదాఖ్‌లోనే 477. రుంబక్ లోయ ఉన్న హెమిస్ నేషనల్ పార్కు ఒక్కటే దాదాపు 4,400 చదరపు కిలోమీటర్లు. ఒక్క రోజులో ఎదురుపడాలంటే ఎంత అదృష్టం కావాలో మీరే చూడండి. అందుకే చిరుతను కాదు, భరల్‌లను వెతకండి. వీటిని నీలి గొర్రెలంటారు గానీ వరసకు మేకలకే దగ్గర. చిరుతకు ముఖ్యమైన ఆహారం ఇవే.

మధ్యాహ్నం మూడింటికి ఎదుటి వాలు మీద పదకొండు భరల్‌లు మేస్తూ కనబడ్డాయి. మేం కదలకుండా కూర్చున్నాం. నాలుగున్నరకి వాటిలో ఒకటి తలెత్తింది. తరవాత అన్నీ ఎత్తాయి. పదకొండు తలలూ ఒకే రాతి చాళ్లవైపు! చిర్రుమని ఒక కూత వినబడి, మంద మొత్తం నిలువు రాళ్ల మీదికి ఎగబాకింది. గైడ్ స్పాటింగ్ స్కోప్‌తో ఆ చాళ్లన్నీ వెతికాడు. నేనూ వెతికాను. చీకటి పడిపోయింది.

దగ్గరికి వెళ్దామా అని అడిగితే ఆయన ఒప్పుకోలేదు. చలికాలంలో ఆ జంతువులకు తిండి తక్కువ, అనవసరంగా పరిగెత్తిస్తే ఒంట్లో దాచుకున్నదంతా కరిగిపోతుందన్నాడు. ఆ మాట అన్న మనిషికే ఒకప్పుడు కప్పు లేని దొడ్డిలో చిరుత దూకి ఒక్క రాత్రిలో తొమ్మిది మేకలు పోయాయట. ఇప్పుడు ఆ దొడ్డికి పైన ఇనుప వల ఉంది. ఇంట్లో హోమ్‌స్టే నడుపుతున్నాడు. కుదిరితే అలాంటి ఇంట్లోనే రాత్రి ఉండండి.

నేను ఆ రాత్రి అక్కడే ఉండి, పొద్దున్నే లేహ్ దారి పట్టాను. దారిలో ముందుకి వంగిన బండ ఒకటి చూపించాడు గైడ్. దాని కింద నేలమీద గోళ్లతో గీకిన గుంట, అంచున తాజాగా తిరగబడ్డ మట్టి. బండ మీద చిరుత చల్లిన వాసన ఇంకా పోలేదు, ఘాటుగా ముక్కుకి తగిలింది. ముందురోజు మేం కూర్చున్న చోటికి అది మూడొందల అడుగులు కూడా ఉండదు.