అక్రిడిటేషన్ దరఖాస్తుకు ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పత్రిక ఉద్యోగం చేస్తూనే ఒక కార్పొరేట్ ఆసుపత్రికి ప్రెస్ నోట్లు రాసిపెడుతున్న సంగతిని విలేకరులకు ప్రభుత్వమిచ్చే అక్రిడిటేషన్ (గుర్తింపు) కార్డు దరఖాస్తులో చెప్పాలా అని అడిగావు. ముందు ఆ పని మానుకో. రాష్ట్ర సమాచార శాఖ కార్యాలయమున్న మాసబ్‌ట్యాంక్ సమాచార భవన్‌కు తర్వాత వెళ్దువుగాని.

కార్డు ఇచ్చేవారు ప్రధానంగా చూసేది నీ రాతను కాదు, నీ జీవనాధారాన్ని. పత్రికా రచనే ప్రధాన వృత్తిగా ఉన్నవారిని మాత్రమే 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం జర్నలిస్టులుగా గుర్తించింది. కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు పూర్తికాలం పనిచేసేవారికి కనీసం 5 ఏళ్లు, ఫ్రీలాన్సర్లకు 15 ఏళ్ల అనుభవం అడుగుతూ, కార్డును వృత్తికి సంబంధం లేని పనులకు వాడితే రద్దు చేస్తామన్నాయి. అవి ఢిల్లీ కార్డులకు వర్తించేవి. మన రాష్ట్ర సమాచార శాఖ నిబంధనలు వేరు గనుక వాటి తాజా ప్రతిని తెప్పించుకుని స్వయంగా చదువు, ప్రెస్‌క్లబ్‌లో ఎవరో చెప్పింది నమ్మకు.

అయితే అర్హత ఉన్నంత మాత్రాన ప్రయోజనాల వైరుధ్యం తొలగిపోదు. మీ బావ శంషాబాద్ వైపు వెంచర్ వేశాడు, నువ్వేమో లేఔట్లకు అనుమతులిచ్చే హెచ్‌ఎండీఏ వార్తలు చూస్తున్నావు. ఏదైనా కంపెనీలో వాటాలున్న విలేకరి ఆ కంపెనీ గురించి రాయకూడదని, కానుకలు, అప్పులు, యాత్రలు, రాయితీలు పుచ్చుకోరాదని ఆర్థిక విలేకరులకు ప్రెస్ కౌన్సిల్ చెప్పిన నియమం నీకూ సరిపోతుంది. కాబట్టి ఎడిటర్‌గారికి తేదీ వేసి ఇలా రాసివ్వు: ‘ఫలానా వెంచర్‌లో మా బావగారికి వాటా ఉంది. ఆ ప్రాంతపు భూ వినియోగ మార్పిడి వార్తలను మరొకరికి అప్పగించగలరు.’ నోటిమాటగా చెప్పి ఊరుకోకు. అందినట్లు సంతకం చేయించుకున్న ప్రతి నీ దగ్గర ఉండాలి.

ప్రకటనల బాధ్యత ఇంతకంటే చిక్కైనది. ఆగస్టు 15కు కార్పొరేటర్ శుభాకాంక్షల ప్రకటన తెచ్చి కమీషన్ పుచ్చుకున్న విలేకరి, మరుసటి వారం అదే డివిజన్‌లో పొంగిన నాలా గురించి రాయాల్సి వస్తే కలం తడబడక మానదు. (ఇందుకు విలేకరిని తిట్టేవారే గాని, జీతానికి బదులు టార్గెట్ ఇచ్చిన యాజమాన్యాన్ని అడిగేవారు తక్కువ.) తప్పించుకోలేకపోతే, ప్రకటన ఇచ్చినవారి పేర్లను డెస్క్‌కు ముందే తెలియజేయి.

ఇళ్ల స్థలాల ఆశతో కార్డు కోరవద్దు. జీహెచ్‌ఎంసీ పరిధిలో ప్రజాప్రతినిధులు, అధికారులు, న్యాయమూర్తులు, జర్నలిస్టుల సొసైటీలకు జరిగిన భూకేటాయింపులను సుప్రీంకోర్టు 2024 నవంబర్ 25న కొట్టేసింది. ఏళ్ల క్రితమే డబ్బు కట్టినవారి బాధ నాకు తెలుసు. అయినా సర్కారు స్థలం కోసం ఎదురుచూస్తూ సర్కారు భూముల వార్తలు నిష్పక్షపాతంగా రాయడం కష్టమే.

ఆసుపత్రి పని మానేస్తున్నట్లు మెయిల్ పంపి, ఆఖరి చెల్లింపు అందిన తేదీతో సహా భద్రపరచుకో. కనీసం ఒక ఏడాది వరకు ఆ ఆసుపత్రి వార్త ఏదీ నీ పేరుతో రానివ్వకు.

నీ మామయ్య,
హైదరాబాద్