రాళ్ల సందున గడ్డలు, అడవి పూలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: హైదరాబాద్ శివారులో మేము కొన్న స్థలంలో మూడు పెద్ద బండరాళ్లు ఉన్నాయి. పగలగొట్టించమని అందరూ సలహా ఇస్తున్నారు, నాకు మాత్రం వాటిని ఉంచి రాక్ గార్డెన్ చేయాలని ఉంది. చండీగఢ్‌లో చూసిన రాక్ గార్డెన్‌లో మొక్కలకంటే బొమ్మలే ఎక్కువగా కనిపించాయి. మన ఎండలకు ఏ మొక్కలు నిలుస్తాయి? మట్టి ఎలా కలుపుకోవాలి?

జవాబు: చండీగఢ్‌లో మీరు చూసినది, విరిగిన గాజులతోనూ పింగాణీ ముక్కలతోనూ నేక్‌చంద్ నిర్మించిన శిల్పవనం, 1976లో దానిని ప్రజల సందర్శనకు తెరిచారు. తోటమాలులు రాతి తోట అని పిలిచేది వేరు. కొండల మీద, రాళ్ల సందుల్లో, పిడికెడు మట్టిని పట్టుకొని బతికే మొక్కలను అవి పుట్టినచోటులాగే పెంచడం దాని ఉద్దేశం. లండన్‌లోని క్యూ ఉద్యానంలో 1882 నాటి రాతి తోట ఇలాంటిదే. అక్కడ పెంచే ఆల్ప్స్ పర్వతాల మొక్కలు మన మే నెలను దాటలేవు కనుక, ఆన్‌లైన్‌లో కనిపించే వాటి విత్తనాల మీద డబ్బు పోయకండి. వారి పద్ధతి తీసుకొని, మొక్కలను మన గుట్టల మీద నుంచి ఎంచుకుంటే సరిపోతుంది.

మీ బండలు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ రాళ్లు. వాటిని పగలగొట్టించకుండా ఉంచాలన్న మీ ఆలోచనకు నా ఓటు ఉంది. అదనంగా రాళ్లు తెచ్చి పేర్చేటట్లయితే ప్రతి రాయినీ కనీసం మూడో వంతు భూమిలోకి దించండి. రాతి పైభాగం కొంచెం వెనక్కు వాలేలా పెడితే, దాని మీద పడిన వాన నీరు ముందుకు జారిపోకుండా వెనుకనున్న మట్టిలోకి, అంటే వేళ్లకు చేరుతుంది. ఒక వంతు ఎర్రమట్టి, ఒక వంతు ముతక ఇసుక, ఒక వంతు ఆరు మిల్లీమీటర్ల కంకర చిప్స్ కలిపితే చాలు. రోబో ఇసుక (రాతిని యంత్రంతో నలగగొట్టి చేసిన ఇసుక) వాడితే అందులోని సన్నటి పొడి నీటిని ఆపేస్తుంది, కాబట్టి కడిగి వాడండి. నల్లరేగడి వద్దు. పశువుల ఎరువు గుప్పెడుకు మించకూడదు. బలం ఎక్కువైన మొక్క ఆకులు పెంచుకొని, తొలి పెద్ద వానకే ఒరిగిపోతుంది. నాటిన తరువాత మొక్క మొదలు చుట్టూ అంగుళం మందాన చిప్స్ పరిస్తే, మొదలు దగ్గర తడి నిలిచి కుళ్లడం తగ్గుతుంది. సందులను సిమెంటుతో పూడ్చకండి, మొక్కలకు చోటు ఆ సందులే.

పడమర, దక్షిణం వైపు బండ సెగ ఎక్కువ. అక్కడ కత్తుల్లాంటి మందపాటి ఆకుల చాగనార, ఆకులు దాదాపు లేకుండా కండగల కాడలతో పెరిగే కుందేటి కొమ్ములు నిలుస్తాయి. కుందేటి కొమ్ములను పల్లెల్లో పచ్చడికి కోసుకుంటారు కాబట్టి ఎరిగినవారి దగ్గర ఒక కొమ్మ దొరకడం కష్టం కాదు. దానిని వారం రోజులు నీడన ఆరబెట్టి, కోసిన చోట పొర కట్టిన తరువాతే నాటండి. ఉత్తరం, తూర్పు సందుల్లో మయూరశిఖ అనే చిన్న ఫెర్న్ చక్కగా ఉంటుంది. బుల్లి తాటిచెట్టులా కనిపించే ఈ మొక్క ఎండలకు ముడుచుకొని చచ్చినట్టు పడి ఉండి, వాన తగలగానే మళ్లీ విచ్చుకుంటుంది. కొంచెం సమతలంగా ఉన్నచోట విష్ణుక్రాంత విత్తనాలు చల్లండి. వినాయక చవితి పత్రిలో దాని పేరు వింటాము కాని మొక్కను గుర్తుపట్టేవారు తగ్గిపోయారు; ఉదయం విప్పారిన నీలిపూలు మధ్యాహ్నానికి ముడుచుకుంటాయి కనుక దానిని పొద్దున్నే చూడాలి. ఎక్కువ మట్టి ఉన్న గుంటలో ఒక అడవి ఉల్లిగడ్డ పెడితే, వేసవిలో ఒక్క ఆకు కూడా లేని నేలలోంచి పూకాడ లేస్తుంది, సాయంత్రం పూలు విచ్చుకుంటాయి, ఆకులు వానలతో వస్తాయి. ఈ గడ్డ విషం. ఉల్లిగడ్డ అన్న పేరు చూసి వంటింటి దగ్గర పెట్టకండి.

ఇదే తోటను మేడ మీద చేయాలనుకునే పాఠకులకు ఒక మాట: ఒక ఘనపుటడుగు గ్రానైట్ 75 కిలోల దాకా తూగుతుంది, కాబట్టి ఇంజనీరును అడగకుండా రాళ్లు పైకి ఎక్కించవద్దు. పాత రాతి కుడితి తొట్టి ఉంటే, అడుగున రంధ్రం వేయించి నేల మీదే దానిలో చిన్న రాతి తోట చేసుకోవచ్చు. ఇంగ్లండులో కూడా పశువుల రాతి తొట్లలో కొండ మొక్కలు పెంచే అలవాటు ఉంది.

ప్రశ్న: గత ఏడాది జూన్‌లో కంచె మీద ఎర్రగా, పసుపుగా మంటలా పూసే అడవినాభి తీగ దుంపలు నాలుగు తెచ్చి కుండీల్లో పెట్టాను. రెండు మొలవలేదు. మొలిచిన రెండూ బాగా పూసి డిసెంబరులో ఎండిపోయాయి. బతికించుకోవాలని రోజూ నీళ్లు పోశాను, ఫిబ్రవరిలో తవ్వి చూస్తే కుళ్లి ఉన్నాయి. తప్పు ఎక్కడ జరిగింది? (రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీ తీగలు చావలేదు, నిద్రపోయాయి. నిద్రలో ఉన్న దుంపకు నీరు పోయడమే ఆ తప్పు. ఈ మాట కొంచెం దర్పంగా వినిపిస్తే క్షమించండి, ఎందుకంటే నా మొదటి అడవినాభి దుంపలను నేను కూడా అలాగే పోగొట్టుకున్నాను. ఆకు పచ్చగా ఉన్నంత కాలం ఈ తీగకు నీరు కావాలి. ఆకు పసుపు పచ్చబడగానే నీటిని క్రమంగా తగ్గించి, తీగ ఎండిన తరువాత పూర్తిగా ఆపాలి. పాత దుంప ఏటా కరిగిపోయి, దాని స్థానంలో కొత్త దుంప తయారవుతుంది కాబట్టి, చివరి వారాల్లో పచ్చని ఆకులు కత్తిరించకూడదు. ఎండిన తరువాత దుంపలను తవ్వి, మట్టి దులిపి, పొడి ఇసుకలో పాతి, నీడలో ఉంచండి. మృగశిర కార్తె దాకా వాటిని ముట్టుకోనవసరం లేదు.

మొలవని రెండింటి సంగతి వేరు. ఈ దుంప నాగలి కర్రలా రెండు పాయలుగా వంగి ఉంటుంది, మొలక వచ్చే కన్ను పాయ కొసన మాత్రమే ఉంటుంది. తవ్వేటప్పుడో, సంచిలో వేసి తెచ్చేటప్పుడో ఆ కొస విరిగితే, మిగిలిన దుంప ఎంత లావుగా ఉన్నా మొలవదు. కొనేటప్పుడు కొసలను చూసి తీసుకోండి. రెండు మూడు అంగుళాల లోతున, దుంపను పడుకోబెట్టి నాటండి. ఆకు కొనలే నులితీగలై పట్టుకుంటాయి కనుక సన్నటి పుల్లల పందిరి ఇవ్వండి, లావు గుంజను అది చుట్టుకోలేదు.

ఈ మొక్కలో, ముఖ్యంగా దుంపలోనూ విత్తనాల్లోనూ, కాల్చిసిన్ అనే తీవ్రమైన విషం ఉంది. చిలగడదుంప అనుకొని తిని ప్రాణం మీదకు తెచ్చుకున్నవారున్నారు. చేతికి తొడుగు వేసుకోండి, పిల్లలూ పశువులూ తిరిగే చోట దీనిని పెట్టకండి, దుంపల డబ్బా మీద ‘విషం’ అని రాయండి. తమిళనాడులో విత్తనాల కోసం దీనిని పంటగా పండిస్తారు, ఇది ఆ రాష్ట్ర పుష్పం కూడా. అడవిలో దుంపలు తవ్వడం వల్లనే చాలాచోట్ల ఈ తీగ అరుదైపోయింది. కాబట్టి పండించినవారి దగ్గరే కొనండి, లేదా కాయలు తెచ్చుకొని విత్తనం నుంచి పెంచండి. విత్తనం మొక్క పూయడానికి మూడు నాలుగేళ్లు పట్టవచ్చు.

ప్రశ్న: శ్రీనగర్‌లో తులిప్ తోట చూసి వచ్చి ఆన్‌లైన్‌లో పది గడ్డలు తెప్పించాను. మొదటి జనవరిలో ఆరు పూశాయి. రెండో ఏడు ఆకులు తప్ప ఏమీ రాలేదు. (వరంగల్)

జవాబు: తులిప్ మొగ్గ సరిగా ఎదగడానికి 12 నుంచి 16 వారాల చలి కావాలి, అది కూడా పది డిగ్రీల లోపు చలి. మీకు వచ్చిన గడ్డలు శీతల గదిలో ఆ చలిని ముందే తీసుకొని వచ్చాయి కనుక ఒకసారి పూశాయి. మన చలికాలం వాటికి చాలదు, పైగా వేడికి ఆకులు త్వరగా ఎండిపోయి, కొత్త గడ్డ చిన్నదవుతుంది. ఫ్రిజ్‌లో పెట్టి ప్రయత్నించేవారు పండ్లను, ముఖ్యంగా ఆపిల్ పండ్లను, వాటి పక్కన ఉంచకూడదు. పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు లోపలి మొగ్గను చంపేస్తుంది. తులిప్‌ను ఒక్క సీజన్ పూవుగా భావించి కొనడం మంచిది. అంత శ్రద్ధ పెట్టగలిగితే, మేలో నెత్తుటి రంగు బంతిలా పూసే ఫుట్‌బాల్ లిల్లీని పెంచండి. అది కూడా మన దేశపుది కాదు, ఆఫ్రికా నుంచి వచ్చింది, కాని మన వేసవితో దానికి పేచీ లేదు.

ప్రశ్న: బతుకమ్మకు గునుగు, తంగేడు కొనవలసి వస్తోంది. ఇంటి వెనుక రెండు సెంట్ల స్థలంలో పెంచవచ్చునా? (కరీంనగర్)

జవాబు: తప్పక పెంచవచ్చు. గునుగు మన చేలల్లో కలుపు మొక్క, దానికి సేవ చేయనవసరం లేదు. కలుపు మందులు పెరిగిన కొద్దీ అది చేల నుంచి తప్పుకుంటోంది, అంతే. తొలకరి పడగానే నేల పైపైన గీకి విత్తనం చల్లండి. అది ఆవగింజకంటే చిన్నది, లోతున పడితే మొలవదు. ఆలస్యంగా, ఆగస్టులో చల్లితే పొట్టి మొక్కకే కంకి వచ్చేస్తుంది, బతుకమ్మ పేర్చడానికి కాడ చాలదు. కొన్ని కంకులను కోయకుండా ఎండనిస్తే మరుసటి ఏటికి విత్తనం అక్కడే రాలుతుంది.

తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం, బంజరులోనూ పెరిగే గట్టి పొద. దాని విత్తనపు పొట్టు మందం కనుక గరుకు కాగితం మీద రుద్ది, రాత్రంతా నానబెట్టి విత్తాలి. తల్లి వేరు లోతుకు పోతుంది, పెద్ద మొక్కను పీకి నాటితే చాలాసార్లు బతకదు, అందుకని ఉండవలసిన చోటే రెండేసి గింజలు వేయండి. మొదటి ఏడు పూలు ఆశించవద్దు. బంతి పూలు కూడా అక్కడే వేసుకోండి. మెక్సికో నుంచి వచ్చిన ఈ పువ్వు బతుకమ్మలో ఎంతగా కలిసిపోయిందంటే, దానిని పరాయిదని అనడానికి నాకు నోరు రాదు.

ప్రశ్న: రెయిన్ లిల్లీ కుండీ నిండా ఆకులే, పూలు లేవు. రోజూ నీళ్లు పోస్తున్నాను. (గుంటూరు)

జవాబు: మూడు నాలుగు వారాలు నీళ్లు మానేసి, కుండీని ఎండలో ఉంచి, తరువాత ఒక్కసారి నిండా తడపండి. గడ్డలు కిక్కిరిసి ఉన్నా విడదీయకండి, ఆ ఇరుకులోనే బాగా పూస్తాయి.