పాఠకుల ప్రశ్నలు – జవాబులు: రేగడి బాటకు ఏ బండి?

ప్రశ్న: మేము నల్లగొండలో ఉంటాము. దేవరకొండ వైపు మాకు బత్తాయి తోట ఉంది. తారు రోడ్డు దిగిన తరువాత తోట వరకు మూడు కిలోమీటర్లు నల్లరేగడి బాట. వానలు పడితే కారు దిగబడుతుంది, ట్రాక్టరుతో లాగించవలసి వస్తుంది. కొత్త బండి కొందామని షోరూములకు వెళితే ఒకరు ఆల్ వీల్ డ్రైవ్ అన్నారు, ఒకరు ఫోర్ వీల్ డ్రైవ్ అన్నారు, మరొకరు రెండూ ఒకటేనన్నారు. మాకు ఏది తగినది?
– ఒక బత్తాయి రైతు, నల్లగొండ

జవాబు: రెండింటిలోనూ ఇంజిను బలం నాలుగు చక్రాలకూ అందుతుంది కాబట్టి ఒకటేనన్న మాట పుట్టింది గానీ, ఆ బలం అందే తీరు వేరు, పనికివచ్చే చోటు వేరు.

కళ్ళంలో బంతి కట్టి ఎద్దులను తిప్పిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. నడుమ గుంజకు దగ్గరగా ఉన్న ఎద్దు కొద్ది దూరమే తిరిగితే, చివరన ఉన్న ఎద్దు అదే సమయంలో చాలా దూరం నడవాలి. బండి మలుపు తిరిగేటప్పుడు చక్రాల సంగతీ అంతే. ముందు చక్రాలు వెనుక చక్రాలకంటే ఎక్కువ దూరం దొర్లుతాయి. థార్ ఫోర్ బై ఫోర్ (అంటే ఫోర్ వీల్ డ్రైవ్ రకం), జిమ్నీ, స్కార్పియో-ఎన్ ఫోర్ బై ఫోర్, గూర్ఖా వంటి బండ్లలో ఫోర్ వీల్ డ్రైవ్ వేయగానే ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే ఇంజిను బలాన్ని ముందుకూ వెనుకకూ పంచే గేరు పెట్టె, ముందు, వెనుక ఇరుసులకు వెళ్ళే షాఫ్టులను (బలాన్ని మోసే తిరుగుడు కడ్డీలను) ఒకే వేగానికి కట్టివేస్తుంది. బురదలోనో ఇసుకలోనో ఆ తేడా చక్రం కాస్త జారడంతో తీరిపోతుంది కాబట్టి ఇబ్బంది ఉండదు, పైగా ముందు చక్రాలు రెండూ జారినా వెనుక చక్రాలకు అందే బలం ఆగదు. పొడి తారు మీద చక్రం అలా జారక ఆ తేడా తీరే దారి ఉండదు. అందుకే ఈ బండ్లు తారు రోడ్డు మీద వెనుక చక్రాలతోనే నడుస్తాయి. అవసరమైన చోట మీరే మీట వేయాలి.

ఆల్ వీల్ డ్రైవ్‌లో ఆ పని బండే చూసుకుంటుంది. ఎక్కువ మోడళ్ళలో మామూలుగా ముందు చక్రాలే లాగుతుంటాయి. చక్రం జారుతున్నదని సెన్సార్లు గుర్తిస్తే, కంప్యూటరు ఒక క్లచ్‌ను బిగించి వెనుక చక్రాలకు బలం పంపుతుంది. మన్ననూరు మీదుగా శ్రీశైలం వెళ్ళే నల్లమల ఘాటులో వానలో తడిసిన మలుపులకు ఇది ఎంతో మేలైనది, ఎందుకంటే డ్రైవరు తలచుకోకముందే అది పని చేస్తుంది. కానీ లోతు బురదలో చాలాసేపు చక్రాలు తిప్పితే ఆ క్లచ్ వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి వెనుక చక్రాలను వదిలేస్తుంది. మీ బాటలో సరిగ్గా అదే జరిగే ప్రమాదం ఉంది.

అసలు తేడా లో రేంజ్ గేరులో ఉంది. మీరు షోరూములో మొదట అడగవలసిందీ అదే. లో రేంజ్ వేస్తే చక్రాలకు అందే బలం దాదాపు రెట్టింపు లేదా అంతకు మించి పెరుగుతుంది, వేగం అంతే తగ్గుతుంది. బత్తాయి పెట్టెలతో నిండిన బండి బురదలో నడిచే మనిషి వేగంతో ఆగకుండా కదులుతుంది; ఏటవాలు దిగేటప్పుడు బ్రేకు తొక్కకుండా ఇంజిను మీదే నిదానంగా దిగవచ్చు. చాలా ఆల్ వీల్ డ్రైవ్ బండ్లకు ఈ గేరు ఉండదు.

కనుక మీకు లో రేంజ్ ఉన్న ఫోర్ వీల్ డ్రైవే తగినదని నా అభిప్రాయం. థార్‌లో వెనుక చక్రాలతో మాత్రమే నడిచే రకం కూడా అమ్ముతున్నారు కాబట్టి కాగితాల మీద ఫోర్ బై ఫోర్ అని ఉందో లేదో చూసుకోండి. అయితే రేగడి మట్టి టైరు గాడులను పూడ్చివేసిందంటే నాలుగు చక్రాలూ నున్నటి రోలర్లలా తిరుగుతాయి. లోతైన, ఎడంఎడంగా ఉన్న గాడుల టైర్లు వేయించడం బండి ఎంపిక అంత ముఖ్యం. ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను: ఏ డ్రైవ్ ఉన్నా పారే వాగులోకి దిగవద్దు. రెండడుగుల ప్రవాహం పెద్ద బండినీ ఈడ్చుకుపోగలదు, అప్పుడు చక్రాలకు నేలే అందదు.

ప్రశ్న: నేను కొన్న పాత జీపులో ఫోర్ వీల్ డ్రైవ్ వేసి తారు రోడ్డు మీద మలుపు తిప్పితే స్టీరింగు బిగుసుకుంటుంది, టైర్లు కుదుపుతాయి, మీట మళ్ళీ వెనక్కి రావడం లేదు. బండి చెడిందా?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: చెడలేదని అనుకుంటున్నాను, కానీ ఇలాగే నడిపితే చెడుతుంది. పైన చెప్పిన దూరాల తేడా పొడి తారు మీద జారి తీరిపోయే దారి లేక షాఫ్టులలో మెలికగా బిగుసుకుంటుంది. స్టీరింగు నేరుగా ఉంచి కొన్ని అడుగులు వెనక్కి నడపండి. మెలిక వదిలి మీట సులువుగా వస్తుంది. అప్పటికీ రాకపోతే బలవంతంగా లాగకుండా ట్రాన్స్‌ఫర్ కేసు తెలిసిన మెకానిక్‌కు చూపించండి. నాలుగు టైర్లూ ఒకే సైజులో, దాదాపు ఒకే అరుగుదలతో ఉన్నాయో లేదో కూడా కొలిపించండి, ఎందుకంటే ఆ తేడా ఉంటే నేరుగా పోతున్నప్పుడు కూడా ఇదే మెలిక పుడుతుంది.