మాత్రల్లేకుండా నిద్ర పట్టాలంటే ఏం చేయాలి? మా బాబాయ్ కొబ్బరి ఈనెల వైద్యం

మాత్రలేవీ వేసుకోకుండా సహజంగా నిద్ర పట్టడానికి, మనసు స్థిమితంగా ఉండడానికి ఏం చేస్తారు అని అడిగారు కదండీ. ఇప్పటికే కొంతమంది పసుపు పాలు, ప్రాణాయామం, అరికాళ్ళకి నువ్వుల నూనె అని రాసేశారు. అలాంటివి నేనూ చాలా చేశాను, వాటిలో కొన్నిటి సంగతి కూడా చెప్తాను, కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవండి.

నాది పాలకొల్లు దగ్గర ఊరు. నాలుగేళ్ళు మూడెకరాల రొయ్యల చెరువు లీజుకి చేశాను. చెరువు చేసినోడికి నిద్ర గురించి ఇంకొకళ్ళు చెప్పక్కర్లేదండి. పగలు ఎండకి నీళ్ళలో ఉండే నాచు ఆక్సిజన్ ఇస్తది, రాత్రయ్యేసరికి ఆ నాచు, రొయ్య, అడుగునున్న బురద అన్నీ కలిసి దాన్ని లాగేసుకుంటాయి, తెల్లారగట్లకి ఆక్సిజన్ బాగా పడిపోద్ది. కరెంటు పోయేది కూడా సరిగ్గా అప్పుడే, ఎవరో పగబట్టినట్టు. ఏరియేటర్లు, అంటే నీళ్ళని చిలికి గాలి ఎక్కించే మోటార్లు, ఆగిపోతే పరిగెత్తి జెనరేటర్ వెయ్యాలి, అది స్టార్ట్ అవ్వకపోతే రొయ్యలు పైకి తేలిపోతాయి, రొయ్యలతో పాటు మనమూ తేలిపోతాం. అందుకని గట్టు మీద షెడ్డులోనే పడక. ఊళ్ళో అందరూ చప్పుడైతే లేస్తారు, నేను చప్పుడు ఆగితే లేచేవాణ్ణి.

తర్వాత వరసగా రెండు పంటలకి వైట్ స్పాట్ (రొయ్యలకొచ్చే వైరస్ జబ్బు) కొట్టింది, లీజు వదిలేసి ఇంటికొచ్చేశాను. చెరువుని నేను వదిలేశాను గానీ తెల్లారగట్ల మూడింటి మెలకువ నన్ను వదల్లేదు. రెండు యాభైకల్లా టక్కున మెలకువొచ్చేసేది, చెవులు ఏరియేటర్ చప్పుడు వెతుక్కునేవి, అది లేదని గుర్తొచ్చాక మేత కొట్టు బాకీ గుర్తొచ్చేది, ఇంక తెల్లారేదాకా వడ్డీ లెక్కలే. ఏడాదిన్నర ఇదే గోల. చుట్టాలకి చెప్తే "నిద్ర పట్టట్లేదా, అప్పులేమైనా ఉన్నాయా?" అని అడిగేవాళ్ళు. ఉన్నాయని తెలిసే అడుగుతారు చూడండి, అది వేరే కడుపుమంట.

ఇంక నేను వాడినవి చెప్తాను. గసగసాలు నూరి పాలల్లో తాగాను, రుచి బాగుంది, నిద్ర మాత్రం రాలేదు. (మనవైపు దుబాయ్ వెళ్ళేవాళ్ళు చాలామంది కదా, గసగసాలు బ్యాగులో పెట్టుకుని మాత్రం వెళ్ళకండి, అక్కడ అవి నిషేధం, జైల్లో పెడతారు.) జాజికాయ చిటికెడు వేసుకున్నా తేడా ఏం లేదు, వాట్సాప్‌లో ఎవరో చెంచాడు వేసుకోమని పంపితే చెంచాడూ వేసుకున్నాను. గుండె దడదడలాడి, నోరు ఎండిపోయి, మర్నాడు మధ్యాహ్నం దాకా తలెత్తలేకపోయాను. జాజికాయ ఎక్కువైతే విషమేనని తర్వాత తెలిసింది. అశ్వగంధ పొడి రెండు నెలలు తాగాను, పనిచేసిందో లేదో నాకే అర్థం కాలేదు, అయినా థైరాయిడ్ మాత్రలు వేసుకునేవాళ్ళు, లివర్ బాగోలేనివాళ్ళు డాక్టర్ని అడక్కుండా దాని జోలికెళ్ళకండి. అరికాళ్ళకి నూనె హాయిగానే ఉంటది గానీ దుప్పట్లు పాడైపోయాయని మా ఆవిడ ఆపించేసింది. వానపడుతున్న చప్పుడు వినిపించే యాప్ ఒకటుంది, అది పెట్టుకుంటే జెనరేటర్ షెడ్డు రేకుల మీద పడే వాన గుర్తొచ్చి ఉన్న నిద్ర కూడా పోయేది.

అసలు కథ ఇప్పుడు. అప్పట్లో ఏప్రిల్ నెలాఖర్లో, దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక, రాజోలు వైపున్న మా బాబాయ్ ఇంటికెళ్ళాను. నరసాపురంలో గోదావరి దాటించే పంటు ఎక్కి సఖినేటిపల్లి రేవులో దిగి అక్కణ్ణించి ఆటో. ఆయనకి అప్పటికే డెబ్భై దాటాయి, నాలుగెకరాల కొబ్బరితోట. ఆ ముందురోజే దింపు తీయించారట, అంటే చెట్లెక్కించి కాయలు కోయించారట, వాకిట్లో ఒక పక్క కాయల రాశి, ఇంకో పక్క కొట్టిపడేసిన మట్టలు. రాత్రి వాకిట్లోనే రెండు నులక మంచాలేసి దోమతెరలు కట్టింది పిన్ని. బాబాయ్ ఇలా పడుకుని అలా గుర్రుకొట్టేశారు. నాకు మాత్రం మామూలే, రెండున్నరకి కళ్ళు తెరుచుకున్నాయి. ఫోన్ తీసి చూస్తన్నాను.

పక్క మంచం మీంచి గొంతు: "ఆ లైటు ఆపరా, దోమలొస్తన్నాయి."

ఆపాను. అటు తిరిగాను, ఇటు తిరిగాను. నులక మంచం సంగతి తెలుసు కదా, కదిలితే కిర్రుమంటది. నాలుగోసారి కిర్రుమనేసరికి ఆయన లేచి కూర్చున్నారు.

"నిద్ర రావట్లేదా?"

"లేదు బాబాయ్."

"రాకపోతే మంచం మీదేం చేస్తన్నావ్? దిగు. అదిగో ఆ మట్టల్లో ఆకులు కోసి ఈనెలు తీసుకో. కునుకొచ్చినప్పుడే మంచం ఎక్కు, లేకపోతే ఎక్కకు."

నాకు ఒళ్ళు మండిందండి. చుట్టపుచూపుగా వచ్చినోణ్ణి అర్ధరాత్రి చీపురుపుల్లలు తియ్యమంటారేంటని. అయినా ఆయన మాటకి ఎదురు చెప్పే అలవాటు మా ఇంట్లో ఎవడికీ లేదు, "ఆయ్" అని దిగాను. అరుగు మీద సున్నా బల్బు వెలుతుర్లో ఒక మట్ట ముందేసుకుని కూర్చున్నాను. ఆకు మడిచి చాకు పెట్టి ఇటో గీత అటో గీత లాగితే పచ్చదంతా ఊడి ఈనె మిగులుద్ది. మొదటి పది సగానికి విరిగిపోయాయి. విరిగినప్పుడల్లా బాబాయ్‌ని మనసులో ఓ మాట అనుకుని ఇంకోటి తీసేవాణ్ణి. ఈనె విరక్కుండా రావాలంటే చెయ్యి ఒకే ఊపులో పోవాలి, దాని మీద ధ్యాస పెడితే వడ్డీ లెక్క కుదరదు, వడ్డీ లెక్క వేస్తే ఈనె విరుగుద్ది. రెండోది మానేశాను. ఒకటిన్నర మట్ట అయ్యేసరికి తల ముందుకి వాలి చాకు చేతిలోంచి జారింది. వెళ్ళి మంచం ఎక్కాను.

అయిదింటికి లేపేశారు! పడుకుంది గంట కూడా లేదు, "ఇంకాసేపు బాబాయ్" అంటే, "రాత్రి పడుకోనోడికి పొద్దున పడక లేదు" అని దోమతెర తీసేశారు. తోటలో తిప్పారు, కాయలు లెక్కపెట్టించారు, మధ్యాహ్నం భోంచేసి ఒరుగుతుంటే పిన్ని వచ్చి "ఇప్పుడు పడుకుంటే రాత్రి దొంగలా తిరుగుతావు" అని కాఫీ కూడా ఇవ్వకుండా మజ్జిగ ఇచ్చింది. రెండో రాత్రి కూడా లేచాను, ఇంకో మట్ట అయింది. మూడో రాత్రి తొమ్మిదిన్నరకి పడుకుంటే కోడి కూతకి మెలకువొచ్చింది. పిచ్చోడిలా అలాగే కూర్చుండిపోయానండి కాసేపు, ఏడాదిన్నర తర్వాత మొదటిసారి.

తర్వాత భీమవరంలో ఒక డాక్టర్ గారితో ఇదంతా చెప్తే ఆయన నవ్వి, ఇది మేం సీబీటీ-ఐ అనే దాంట్లో ఒక భాగం, మాత్రల్లేకుండా నిద్ర అలవాట్లు, ఆలోచనలు మార్చే చికిత్స అన్నారు. ఇంటికొచ్చి వెతికితే నిజమే. 1972లోనే రిచర్డ్ బూట్జిన్ అనే అమెరికా సైకాలజిస్టు ఇదే పద్ధతి రాశాడట: మంచం నిద్రకి తప్ప వేరే దేనికీ వాడొద్దు, నిద్ర రాకపోతే లేచి పక్కకెళ్ళు, నిద్రొచ్చాకే రా, ఎంత తక్కువ పడుకున్నా పొద్దున ఒకే టైముకి లే, పగలు పడుకోకు. నెలల తరబడి నిద్ర పట్టని పెద్దవాళ్ళకి మాత్రల కంటే ముందు సీబీటీ-ఐయే ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో చెప్పింది. మా బాబాయ్‌కి బూట్జిన్ తెలీదు, బూట్జిన్‌కి కొబ్బరి ఈనె తెలీదు, ఇద్దరూ ఒకటే చెప్పారు. అందుకే నేను ఎవరడిగినా పాలు, పొడులు పక్కన పెట్టి ముందు మంచం దిగమంటాను. నా ఉద్దేశంలో నిద్ర పట్టనోళ్ళలో ముప్పాతికమందికి జబ్బు లేదు, మంచం మీద పడుకుని ఆలోచించే అలవాటే ఉంది. ఎవరైనా కాదంటే వాదనకి నేను రెడీ.

ఇప్పుడు నేను చేసేది ఇంతే. ఆదివారమైనా పెళ్ళైనా అయిదింటికి లేస్తాను, వెలుతురు రాగానే కాలవగట్టు మీద ఓ ముప్పావుగంట నడుస్తాను, కళ్ళకి పొద్దుటి వెలుతురు తగలాలి, అదే ఒంట్లో గడియారాన్ని సరిచేసేది. టీ మూడింటితో బంద్, ఎందుకంటే టీ కాఫీల్లో ఉండే కెఫీన్ సగం దిగడానికే అయిదారు గంటలు పడుతుంది. రాత్రి భోజనం ఏడున్నరకి. మధ్యరాత్రి మెలకువొస్తే ఈనెలు.

అందరికీ ఇదే మందు అనను. మా బావమరిది రాత్రి మంచం మీద ఎనిమిది గంటలుంటాడు, పగలంతా తూగుతుంటాడు, గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తాడు. ఆయన్ని ఈనెలు తియ్యమంటే ఏం లాభం? స్లీప్ టెస్ట్ చేయించుకుంటే అప్నియా అన్నారు, రాత్రిళ్ళు గాలి పంపే మెషీన్ మాస్క్ పెట్టుకుని ఇప్పుడు మనిషయ్యాడు. అలాగే ఎప్పట్నించో నిద్ర మాత్రలు వాడేవాళ్ళు నా మాట విని రాత్రికి రాత్రి మానెయ్యకండి, రాసిచ్చిన డాక్టర్ చేతే తగ్గించుకోవాలి.

ఇంకోటి, ప్రశాంతత అంటారు గానీ మన డెల్టాలో ఎక్కడుందండీ అసలు? పొలాలన్నీ చెరువులై రాత్రంతా జెనరేటర్లు, ధనుర్మాసం వస్తే నాలుగింటికే మైకు, మాఘమాసంలో పెళ్ళిళ్ళ డీజేలకి కిటికీ అద్దాలు అదురుతాయి. ఇవి చాలనట్టు మా బెడ్‌రూమ్ కిటికీకి ఎదురుగానే తెల్ల ఎల్ఈడీ వీధిలైటు పెట్టారు, పున్నమి అమావాస్య తేడా లేకుండా గదిలోకి పట్టపగల్లా కొడుతుంది. కాస్త కిందకి వంచండి బాబూ అని మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాను, వంచలేదు. చివరికి కిటికీకి పాత గోనెసంచి మేకులు కొట్టి బిగించాను, మా ఆవిడకి అది నచ్చలేదు.

ఆవిడకి నచ్చనిది ఇంకోటీ ఉంది, చీపుర్లు. ఇప్పటికి పదకొండయ్యాయి, వసారాలో మూలనంతా అవే. పాలకొల్లు చుట్టుపక్కల ఎవరికైనా ఈనెల చీపుర్లు కావాలంటే చెప్పండి, ఊరికే ఇచ్చేస్తానంటోంది.