ప్రభుత్వంతో భద్రతా ఒప్పందం ఉందని కార్మికుడి ఫిర్యాదును ఆపవచ్చా?

ప్రశ్న: అనకాపల్లి జిల్లా పరవాడ దగ్గర మందుల ముడిసరుకు తయారుచేసే ఒక కంపెనీలో ఆరేళ్లుగా కాంట్రాక్టు మీద రియాక్టర్ హెల్పరుగా పనిచేస్తున్నాను. ప్రభుత్వ శాఖ, పరిశ్రమల సంఘం, మా కంపెనీ కలిసి భద్రతా భాగస్వామ్య ఒప్పందం చేసుకున్నాయని, బయటి నిపుణులు ఆడిట్ చేసి సర్టిఫికెట్ ఇచ్చారని మూడు నెలల క్రితం గేటు దగ్గర బోర్డు పెట్టారు. రెండో అంతస్తులో సాల్వెంట్ (రసాయనాలను కరిగించే ద్రవం) వాసన గట్టిగా వస్తోంది, గ్యాస్ డిటెక్టర్ పనిచేయడం లేదు. చెబితే షిఫ్ట్ ఇన్‌చార్జి "ఇక ఇన్‌స్పెక్టర్లు రారు, ఏదున్నా మాకే చెప్పాలి, బయటికి వెళితే ఒప్పందాన్ని ఉల్లంఘించినట్టే" అంటున్నారు. సేఫ్టీ కమిటీలో మా కాంట్రాక్టు వాళ్లు ఒక్కరూ లేరు, అది సమావేశమైనట్టు మేమెప్పుడూ చూడలేదు. మేము బయట ఫిర్యాదు చేయవచ్చా? రేపు ప్రమాదం జరిగితే ఆ సర్టిఫికెట్ చూపించి కంపెనీ తప్పించుకోగలదా? – ఒక కార్మికుడు, పరవాడ

జవాబు: ఫిర్యాదు చేయవచ్చు. సర్టిఫికెట్ చూపించి కంపెనీ తప్పించుకోలేదు. అయితే మీరు కాంట్రాక్టు కార్మికులు కనుక ఫిర్యాదు చేసే పద్ధతిలో కొంత జాగ్రత్త అవసరం. దాని గురించి చివర్లో చెబుతాను.

ముందుగా ఒక మాట. ప్రభుత్వమూ పరిశ్రమా కలిసి భద్రత కోసం పనిచేయడంలో తప్పేమీ లేదు, అది కొత్తదీ కాదు. కేంద్ర కార్మిక శాఖ 1966 మార్చి 4న జాతీయ భద్రతా మండలిని ఏర్పాటు చేసినది ఈ ఉద్దేశంతోనే, ఏటా మీ కంపెనీలో బ్యాడ్జీలు పెట్టుకుని ప్రతిజ్ఞ చేసే జాతీయ భద్రతా దినం ఆ తేదీనే జరుగుతుంది. కానీ 1984 డిసెంబరులో భోపాల్ దుర్ఘటన జరిగాక, సర్కారూ యాజమాన్యమూ మాత్రమే కూర్చుని మాట్లాడుకుంటే సరిపోదని చట్టసభ గ్రహించి, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి ప్రమాదకర ప్రక్రియలపై ఒక ప్రత్యేక అధ్యాయాన్ని చేర్చింది. అందులో కార్మికులూ యాజమాన్యమూ సమాన సంఖ్యలో ఉండే సేఫ్టీ కమిటీనీ, ముంచుకొచ్చే ప్రమాదం గురించి హెచ్చరించే హక్కునూ కార్మికులకు ఇచ్చింది. అంటే మన చట్టం దృష్టిలో భాగస్వామ్యమనేది ప్రభుత్వం, యాజమాన్యం, కార్మికులు – ఈ ముగ్గురిది. మీ గేటు దగ్గరి బోర్డు మీద కార్మికుల పేరు లేదు.

2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020 అనే కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. కొత్త కోడ్‌కు విరుద్ధంగా లేనంత మేరకు పాత నిబంధనలు కొనసాగుతాయి. మీ ఇన్‌చార్జి మాటల్లో కొంత నిజం ఉన్నట్టు కనిపించడానికి కారణం ఈ కోడే. ఇందులో తనిఖీ అధికారి పేరు ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్ అయింది, ఏ సంస్థను తనిఖీ చేయాలో కంప్యూటర్ ద్వారా యాదృచ్ఛికంగా నిర్ణయించే పద్ధతికి చోటిచ్చారు, బయటి నిపుణుల చేత ఆడిట్ చేయించి ధ్రువీకరించే పథకాలను రూపొందించే అధికారం 37వ సెక్షన్ ప్రభుత్వానికి ఇచ్చింది. అయితే "ఆడిట్ ఉంది కనుక ఇన్‌స్పెక్టర్ రాడు" అని ఆ సెక్షన్ ఎక్కడా చెప్పలేదు. ఇలాంటి భాగస్వామ్య పథకాలకు పేరుపడిన అమెరికాలో కూడా, 1982లో మొదలైన స్వచ్ఛంద రక్షణ కార్యక్రమంలో చేరిన కంపెనీలకు మామూలు షెడ్యూలు తనిఖీల నుంచి మాత్రమే మినహాయింపు ఉంటుంది గాని, కార్మికుడు ఫిర్యాదు చేసినా ప్రాణనష్టం జరిగినా అధికారులు వచ్చి తీరతారు.

మీకు అసలు ఆయుధం కోడ్‌లోని 14వ సెక్షన్. పనిచోట ఆరోగ్య, భద్రతల గురించిన సమాచారాన్ని యజమాని నుంచి పొందే హక్కును అది ప్రతి ఉద్యోగికీ ఇస్తోంది. అంతకంటే ముఖ్యమైనదేమంటే, ప్రాణానికో శరీరానికో తీవ్రమైన హాని జరిగే ప్రమాదం ఉందన్న సహేతుకమైన భయం కలిగినప్పుడు, ఉద్యోగి ఆ విషయాన్ని నేరుగా గాని సేఫ్టీ కమిటీ సభ్యుడి ద్వారా గాని యజమానికి తెలపవచ్చు, అదే సమయంలో ఇన్‌స్పెక్టర్‌కూ తెలపవచ్చు. "అదే సమయంలో" అన్న మాటను గమనించండి: ముందు లోపల చెప్పి, వాళ్లు స్పందించకపోతేనే బయటికి వెళ్లాలన్న షరతు చట్టంలో లేదు. ప్రమాదం ఉందని యజమానికి అనిపిస్తే వెంటనే దిద్దుబాటు చర్యలు తీసుకుని ఇన్‌స్పెక్టర్‌కు నివేదిక పంపాలి. అనిపించకపోయినా విషయాన్ని వెంటనే ఇన్‌స్పెక్టర్‌కు నివేదించి తీరాలి. ప్రమాదం ఉందో లేదో తేల్చే చివరి మాట ఆ అధికారిదే తప్ప షిఫ్ట్ ఇన్‌చార్జిది కాదు. రెండో అంతస్తులో సాల్వెంట్ ఆవిరి, పైగా పనిచేయని డిటెక్టర్ ఉంటే మీ భయం సహేతుకం కాదని ఏ కోర్టూ అనదని నా అభిప్రాయం. 2024 ఆగస్టు 21న మీకు దగ్గర్లోని అచ్యుతాపురంలో 17 మంది చనిపోయిన పేలుడుకు సాల్వెంట్ లీకై ఆవిరి అంటుకోవడమే కారణమని అధికారులు అప్పట్లో చెప్పిన సంగతి మీకు నేను గుర్తుచేయనక్కరలేదు.

ఇక ఒప్పందాన్ని ఉల్లంఘించడం గురించి. మీరు సంతకం చేయని ఒప్పందాన్ని మీరు ఉల్లంఘించడం సాధ్యం కాదు. బయట ఫిర్యాదు చేయబోమని మీ చేత ఏదైనా కాగితం మీద సంతకం చేయించినా, చట్టం ఉద్దేశాన్ని వమ్ము చేసే ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. ఫిర్యాదు చేసింది ఎవరో తనిఖీ అధికారి గోప్యంగా ఉంచాలన్నది అంతర్జాతీయ కార్మిక సంస్థ 81వ ఒడంబడికలోని నియమం. దాన్ని మన దేశం 1949లోనే ఆమోదించింది. కనుక పేరు బయటపెట్టవద్దని ఫిర్యాదులోనే రాయండి.

సేఫ్టీ కమిటీ విషయానికొస్తే, 22వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం ఉత్తర్వు ద్వారా కమిటీ వేయమన్న సంస్థల్లో కార్మికుల ప్రతినిధుల సంఖ్య యాజమాన్య ప్రతినిధుల సంఖ్యకు తగ్గకూడదు. సమావేశం కాని కమిటీ ఉన్నా లేనట్టే. సమావేశాల మినిట్స్ (చర్చల రికార్డు) అడగండి. ఇవ్వలేకపోతే అదే మీ ఫిర్యాదులో ఒక అంశం అవుతుంది.

సర్టిఫికెట్ చూపించి కంపెనీ తప్పించుకోగలదా అన్న మీ రెండో ప్రశ్నకు సమాధానం ఢిల్లీ ఓలియం వాయువు లీకేజీ కేసులో ఉంది. ఎం.సి. మెహతా వేసిన ఆ కేసులో 1986 డిసెంబరులో సుప్రీంకోర్టు, ప్రమాదకర పరిశ్రమ నడిపేవారిపై పరిపూర్ణమైన, ఇతరుల మీదికి నెట్టడానికి వీల్లేని బాధ్యత ఉంటుందని, తాము తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నామన్నది సమర్థనగా చెల్లదని తీర్పు చెప్పింది. జాగ్రత్త తీసుకోవడమే సాకుగా పనికిరానప్పుడు, జాగ్రత్త తీసుకున్నట్టు ఎవరో ఇచ్చిన కాగితం ఏం పనికొస్తుంది? నష్టపరిహారం సంగతి ఇది. శిక్ష విషయంలోనూ సేఫ్టీ ఆఫీసర్‌నో ఫ్యాక్టరీ మేనేజర్‌నో ముందుకు తోసి యాజమాన్యం వెనక నిలబడలేదు: కంపెనీ అయితే ఆక్యుపయర్‌గా (ఫ్యాక్టరీపై అంతిమ నియంత్రణ ఉన్న వ్యక్తిగా) ఉండవలసింది డైరెక్టరేనని 1996లో జె.కె. ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కోడ్ విధించిన బాధ్యతల్లో విఫలమైనందువల్ల ఎవరైనా చనిపోతే రెండేళ్ల వరకు జైలు, లేదా 5 లక్షల రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఆ జరిమానాలో కనీసం సగం బాధిత కుటుంబానికి ఇమ్మని కోర్టు ఆదేశించవచ్చు. నిర్లక్ష్యం వల్ల మరణం కలిగించినందుకు భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద పెట్టే కేసు దీనికి వేరు, దానికి ఐదేళ్ల వరకు శిక్ష ఉంది.

ఇప్పుడు జాగ్రత్త సంగతి. కక్షసాధింపుగా ఉద్యోగంలోంచి తీసివేయడం పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం అన్యాయమైన కార్మిక చర్య, అందులో సందేహం లేదు. కానీ కాంట్రాక్టు కార్మికుడి విషయంలో తీసివేత ఉత్తర్వు ఎవరూ ఇవ్వరు, మరుసటి రోజు గేటు పాసు పనిచేయదు, అంతే. అది కక్షసాధింపేనని తర్వాత కార్మిక కోర్టులో నిరూపించడం ఏళ్ల తరబడి సాగే పని అని నా అనుభవం. అందువల్ల ఒంటరిగా వెళ్లకండి. యూనియన్ ఉంటే దాని లెటర్‌హెడ్ మీద, లేకుంటే పదిమంది సంతకాలతో, తేదీలు, షిఫ్టు, ఏ రియాక్టర్ దగ్గర, ఏ డిటెక్టర్ ఎప్పటినుంచి ఆగిపోయింది అన్న వివరాలు మాత్రమే రాసి, ఒకే రోజున కంపెనీకి ఒక ప్రతి, కర్మాగారాల శాఖకు ఒక ప్రతి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. నిందలు, ఊహలు వద్దు. పని మానేసి బయటికి వచ్చే హక్కును కోడ్ స్పష్టమైన మాటల్లో ఇవ్వలేదు కనుక ఆ పని తొందరపడి చేయకండి. మీకు ఇచ్చిన మాస్కు, హెల్మెట్ మీరు వాడకపోతే ఆ తప్పు మీ మీదికే వస్తుందని, దానికి కోడ్‌లో జరిమానా కూడా ఉందని గుర్తుంచుకోండి.

సర్టిఫికెట్ వెనక ఏముందో తెలుసుకోవాలంటే సమాచార హక్కు చట్టం కింద కర్మాగారాల శాఖకు దరఖాస్తు పెట్టి, ఆ ఒప్పందం ప్రతి, ఆడిట్ నివేదిక, దానిపై కంపెనీ తీసుకున్న చర్యల వివరాలు అడగండి. మామూలు గడువు 30 రోజులు. ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలి. వ్యాపార రహస్యమని నిరాకరిస్తే, విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఆ మినహాయింపు వర్తించదని అదే చట్టంలో ఉందని చూపుతూ అప్పీలు చేయవచ్చు.

చాలామందికి తెలియని దారి ఇంకొకటి ఉంది. రసాయన ప్రమాదాల నిబంధనలు, 1996 ప్రకారం పారిశ్రామిక ప్రాంతంలో స్థానిక సంక్షోభ బృందం ఉండాలి. దానిలో తనిఖీ అధికారి, పరిశ్రమల ప్రతినిధులు, అగ్నిమాపక అధికారి, పోలీసు అధికారితోపాటు గ్రామ సర్పంచి వంటి స్థానిక పెద్ద, స్థానిక పత్రిక సంపాదకుడు, వైద్యులు కూడా సభ్యులు. ఆరు నెలలకొకసారి పూర్తిస్థాయి మాక్ డ్రిల్ (ప్రమాదం జరిగినట్టు ఊహించి చేసే అభ్యాసం) జరిపించవలసింది ఈ బృందమే. మీ ప్రాంతంలో చివరి మాక్ డ్రిల్ ఎప్పుడు జరిగిందో మీ సర్పంచి చేత ఆ బృందాన్ని రాతపూర్వకంగా అడిగించండి. ఆ ప్రశ్న మీ గేటు పాసుతో సంబంధం లేని మనిషి నుంచి వెళుతుంది.