ముందు కడ్డీ సంగతి తేల్చుకో నాయనా

నాయనా,

సైన్స్ ఫెయిర్‌లో విద్యుద్విశ్లేషణ, అంటే ద్రావణంలోకి కరెంటు పంపి మార్పులు చూపడం, చేస్తానన్నావు, చాలా సంతోషం. కానీ ఏ ద్రావణం తీసుకోవాలనే అడిగావు, ఏ కడ్డీలు పెట్టాలో అడగలేదు. అసలు సంగతంతా అక్కడే ఉంది, ముఖ్యంగా బ్యాటరీ ప్లస్‌కి తగిలించే ఆనోడ్ దగ్గర.

మన అనంతపురం వైపు చీనీ చెట్ల మొదళ్లకు బోర్డో పేస్టు పూస్తారు కదా, దానికి వాడే మైలుతుత్తమే (కాపర్ సల్ఫేట్) నీకు చాలు, పురుగుమందుల అంగట్లో దొరుకుతుంది. బోరు నీళ్లలో కలపొద్దు, ద్రావణం మసకబారుతుంది. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకో. రెండు గాజు గ్లాసుల్లో ఒకే ద్రావణం పోసి, ఒకదాంట్లో రెండూ రాగి రేకులే పెట్టు, రెండో దాంట్లో మైనస్‌కి తగిలించే కాథోడ్‌కి రాగి, ఆనోడ్‌కి మాత్రం పెన్సిల్ గ్రాఫైట్ పెట్టు. గ్లాసులను సిరీస్‌లో కలిపితే రెండింట్లోనూ ఒకే కరెంటు పోతుంది, అప్పుడు తేడా కరెంటు వల్ల వచ్చిందని ఎవరూ అనలేరు.

కాథోడ్‌లు రెండింటి మీదా ఇంచుమించు ఒకే బరువు రాగి పేరుకుంటుంది. ఆనోడ్‌లను చూడు. గ్రాఫైట్ రాగిలా కరగదు, కాబట్టి నీళ్ల నుంచి ఆక్సిజన్ బుడగలు వస్తాయి, నీలం మెల్లగా పలచబడుతుంది, ద్రావణంలో సల్ఫ్యూరిక్ ఆమ్లం పెరుగుతుంది. అదే రాగి ఆనోడైతే నీళ్ల కంటే తేలిగ్గా తానే ఎలక్ట్రాన్లు వదిలి కరుగుతుంది, బుడగలుండవు, ఇక్కడ కరిగినంత అక్కడ పేరుకుంటుంది గనుక రంగూ మారదు. రాగిని శుద్ధి చేసే ఫ్యాక్టరీల్లో చేసేది ఇదే, ముడి రాగి ఆనోడ్ కరుగుతుంటే అందులోని వెండి, బంగారం కరగకుండా అడుగున బురదలా దిగుతాయి. నాకు ఈ పాఠంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది.

0.2 ఆంపియర్ల కరెంటు అరగంట పోయినా పేరుకునేది సుమారు 0.12 గ్రాములే, కాబట్టి బంగారు అంగట్లో తూకం వేయించు. తొందరపడి కరెంటు పెంచితే రాగి పొడిపొడిగా రాలిపోతుంది, లెక్క తప్పుతుంది. రేకులను ముందే ఉప్పు కాగితంతో రుద్ది, ఆరబెట్టి తూచు.

ఇంట్లో ఉంది కదా అని ఉప్పునీళ్లలో స్టీలు స్పూను మాత్రం ఆనోడ్‌గా పెట్టొద్దు, అందులోని క్రోమియం కరిగి విషపదార్థాలు తయారవుతాయి. గ్రాఫైట్ పెట్టినా క్లోరిన్ వస్తుంది, మూసిన గదిలో అసలు వద్దు. ఇంటి కరెంటు జోలికి పోవద్దు, నాలుగు పెద్ద సెల్లులు చాలు. మైలుతుత్తం కూడా విషమే, చేతులకు గ్లౌజులు వేసుకో, మిగిలిన నీళ్లు పశువుల తొట్టి దగ్గర పారబోయొద్దు.

ముందు, తర్వాత తూచిన బరువులు రాసి పంపు, లెక్క నేను సరిచూస్తాను.

మీ పెదనాయన